తొక్క పట్టుకున్న లోహం ఎక్కడికి పోతుంది?

(ఒక సైన్సు సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. నీళ్లలో కలిసిన విష లోహాల్ని పండ్ల తొక్కలతో, పొట్టుతో ఎలా పట్టుకోవచ్చో ఇవాళ మాట్లాడుకుందాం. మాటలు మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని ఒప్పజెప్పాలి. ఈ రెండు సీసాల్లోనూ ఒకే నీళ్లున్నాయి. మైలుతుత్తం కలిపిన నీళ్లు, లీటరుకు 500 మిల్లీగ్రాముల రాగి ఉండేలా కలిపాను. లేత నీలం రంగు కనిపిస్తోంది కదా? ఒక్కో సీసాలో 200 మిల్లీలీటర్లు పోశాను. ఇప్పుడు మొదటి సీసాలో రెండు చెంచాల నారింజ తొక్కల పొడి వేస్తున్నాను. తొక్కల్ని ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టాను, అంతే. రెండో సీసాలో కూడా అదే పొడి, అదే కొలత. కాకపోతే దీన్ని సున్నపు నీళ్లలో ఒక రోజు నానబెట్టి, బాగా కడిగి, మళ్లీ ఎండబెట్టాను. ముందు వరుసలో కూర్చున్న తమ్ముడూ, ఒకసారి ఇలా రా. నేను మాట్లాడుతున్నంతసేపూ ఈ రెండు సీసాల్నీ ఊపుతూ ఉండు. చేతులు నొప్పెడితే పక్కవాళ్లకివ్వు. మూత మాత్రం తియ్యొద్దు.

రాగినే ఎందుకు తెచ్చానంటే, అది కంటికి కనబడుతుంది. సీసం, కాడ్మియం, పాదరసం అలా కావు. విషమయ్యేంత సీసం ఉన్నా నీళ్లు అద్దంలా మెరుస్తూనే ఉంటాయి. రంగు లేదు, వాసన లేదు, రుచి తేడా కూడా తెలియదు. ఇంకో ఇబ్బంది ఉంది. మురికి నీళ్లనగానే మనం కాచి చల్లార్చి తాగమంటాం. సూక్ష్మజీవుల విషయంలో అది సరైన సలహానే. లోహాల దగ్గర మాత్రం ఎదురు తిరుగుతుంది. నీళ్లు ఆవిరైపోతాయి, లోహం గిన్నెలోనే ఉండిపోతుంది. మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది.

పురుగుమందుల్లాంటి వాటిని ఏదో ఒక బ్యాక్టీరియా తిని ముక్కలు చేయొచ్చు, ఎండ విరగ్గొట్టొచ్చు. సీసాన్ని ఎవరు విరగ్గొడతారు? అది మూలకం. ఎంత కాల్చినా, ఎంత పాతిపెట్టినా సీసం సీసమే. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఇల్లు మారుతుంది, అంతకుమించి ఏమీ కాదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఇవాళ నేను చెప్పబోయేదంతా సులువుగా ఎక్కుతుంది.

ఇల్లు మారడమంటే ఎలా ఉంటుందో జపాన్ వాళ్లు చాలా బాధపడి తెలుసుకున్నారు. మినమాటాలో ఒక రసాయన ఫ్యాక్టరీ వదిలిన మిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషం సముద్రంలోకి, అక్కడి నుంచి చేపల్లోకి, చేపల నుంచి మనుషుల నరాల్లోకి వెళ్లింది. 1956లో అది ఒక జబ్బుగా అధికారికంగా నమోదైంది. అదే దేశంలో, టొయామా ప్రాంతపు జింజూ నది ఒడ్డున, ఎగువనున్న గని నుంచి వచ్చిన కాడ్మియం పొలాల్లోకి, పంటలోకి చేరింది. అది మూత్రపిండాల్ని పాడుచేసి ఎముకల్ని మెత్తబరిచింది. కదిలితే చాలు, ఎముకలు విరిగేవి. రోగులు ‘ఇటాయ్, ఇటాయ్’ అని అరిచేవాళ్లట, అంటే ‘నొప్పి, నొప్పి’ అని. జబ్బుకి ఆ పేరే పడింది. దానికి కాడ్మియమే మూలమని ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

ఎంతుంటే ప్రమాదం? తాగునీటిలో సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఆర్సెనిక్‌కీ అంతే. కాడ్మియానికి 3. మైక్రోగ్రాములంటే మనసుకు పట్టదు కాబట్టి ఇలా చెప్తాను. ఒక్క గ్రాము సీసం లక్ష లీటర్ల నీళ్లని ఆ హద్దు దాకా తీసుకెళ్తుంది. లక్ష లీటర్లలో కరిగిన ఆ ఒక్క గ్రామునే మనం వెతికి పట్టుకోవాలి.

దారులు లేకపోలేదు. సున్నమో కాస్టిక్ సోడానో వేస్తే లోహం హైడ్రాక్సైడుగా మారి అడుగున పేరుకుంటుంది. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా చేసేది ఇదే. చిక్కటి నీళ్లకి ఇది భేషుగ్గా పనిచేస్తుంది. పలచబడే కొద్దీ చేతులెత్తేస్తుంది, పైగా గుట్టలకొద్దీ బురద మిగులుస్తుంది. నీళ్లలోని అయాన్లని, అంటే విద్యుదావేశమున్న పరమాణువుల్ని, ఒకదాని బదులు ఇంకోదాన్ని పట్టుకునే అయాన్ మార్పిడి రెసిన్లున్నాయి, ఆర్వో ఉంది. అవి బాగా పనిచేస్తాయి గానీ ఖర్చెక్కువ, కరెంటు కావాలి, చూసుకునే మనిషి కావాలి. ఆర్వో కూడా లోహాన్ని చంపదని గుర్తుంచుకోండి. పక్క గొట్టంలోంచి బయటికి తోస్తుంది.

ఇక మన తొక్కల దగ్గరికొద్దాం.

స్పాంజి నీళ్లని పీల్చుకుంటుంది. అది లోపలికి పీల్చుకోవడం. నేను చెప్పేది అది కాదు, పైపైన అంటిపెట్టుకోవడం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అధిశోషణం అంటారు, ల్యాబుల్లో మేం అడ్‌సార్ప్షన్ అనే అంటాం. బొగ్గు ఈ పని చేస్తుందని పద్దెనిమిదో శతాబ్దంలోనే గమనించారు. నీళ్ల ఫిల్టర్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్ దాని వారసుడే. కాకపోతే మామూలు కార్బన్‌కి రంగులన్నా వాసనలన్నా ఉన్న ఇష్టం లోహపు అయాన్ల మీద ఉండదు.

మరి తొక్కకి, ఊకకి, రంపపు పొట్టుకి ఆ ఇష్టం ఎక్కడి నుంచి వచ్చింది? చెట్టు వేళ్లతో నేలలోంచి కాల్షియం, మెగ్నీషియం లాగుతుంది. కణాల గోడల్లో కాల్షియాన్ని పట్టి నిలబెట్టుకుంటుంది. అంటే ధనావేశం ఉన్న అయాన్లని పట్టుకునే చేతులు దానికి పుట్టుకతోనే ఉన్నాయి. వాటిని కార్బాక్సిల్ గుంపులంటారు. ఇవి కాక చెక్కకి గట్టిదనమిచ్చే లిగ్నిన్‌లో, బెరడులోని టానిన్లలో ఫినాల్ గుంపులుంటాయి, అవీ ఇలాంటి చేతులే. పండు మన కడుపులోకి పోయాక కూడా తొక్కలో ఆ చేతులు అలాగే ఉంటాయి. వాటికి కాల్షియం కంటే సీసం, రాగి ఎక్కువ నచ్చుతాయి. మన పనంతా ఆ చేతులకి దారి ఇవ్వడమే.

అలాగైతే నేరుగా తొక్కనే వాడొచ్చు కదా, సున్నం నీళ్లెందుకు? ఇక్కడ కొంచెం దగ్గరగా చూడాలి. నారింజ తొక్కలో పెక్టిన్ ఉంటుంది, జామ్ గట్టిపడేది దీనివల్లే. పెక్టిన్ అంటే చక్కెర ఆమ్లాల పొడవాటి గొలుసు, ప్రతి పూసకీ ఒక కార్బాక్సిల్ చెయ్యి. కానీ సగానికి పైగా చేతులకి మిథైల్ అనే తొడుగు ఉంటుంది. తొడుగున్న చెయ్యి లోహాన్ని పట్టుకోలేదు. సున్నమో కాస్టిక్ సోడానో తగిలితే ఆ తొడుగు ఊడిపోతుంది. సబ్బు తయారీలో నూనెకి జరిగేదీ ఇదే. తొడుగులు పోయాక రెండు గొలుసులు ఎదురెదురుగా నిలబడి మధ్యలో గుంటలు ఏర్పడతాయి. అందులో కాల్షియం, గుడ్ల ట్రేలో గుడ్డులా, కుదురుగా కూర్చుంటుంది. 1973 నుంచీ దీన్ని గుడ్ల ట్రే నమూనా అనే పిలుస్తున్నారు. సీసమో రాగో ఉన్న నీళ్లు వస్తే కాల్షియం లేచి వెళ్లి వాటికి చోటిస్తుంది.

రంపపు పొట్టు, చెరకు పిప్పి లాంటి వాటిలో పెక్టిన్ అంతగా ఉండదు, సెల్యులోజే ఎక్కువ. సెల్యులోజ్‌కి ఉన్నవి ఉత్త హైడ్రాక్సిల్ గుంపులు, లోహం ముందు అవి నీరసం. అప్పుడు చేతుల్ని బయటి నుంచి అతికించాలి. నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ ఆమ్లం, నీళ్లలో కలిపి పొట్టుకి పట్టించి 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే ఆమ్లం ఒక కొసతో సెల్యులోజ్‌కి అతుక్కుంటుంది. మిగతా కొసలు లోహం కోసం ఖాళీగా ఉంటాయి. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. పొయ్యి, నిమ్మ ఉప్పు ఉంటే చాలు, ప్రమాదకరమైన రసాయనం ఒక్కటీ లేదు.

పాదరసం దగ్గర ఈ చేతులు సరిపోవు. దానికి గంధకం కావాలి. ఏ లోహానికి ఏ జోడీ కుదురుతుందో 1963లో పియర్సన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు. గట్టివి గట్టివాటితో, మెత్తవి మెత్తవాటితో కలుస్తాయని. ఇక్కడ మెత్తదనమంటే చేతికి తెలిసేది కాదు, ఎలక్ట్రాన్ల మబ్బు సులువుగా ఆకారం మార్చుకోవడం. పాదరసం మెత్తని లోహం, గంధకం మెత్తని జోడీ. గంధకం గుంపులున్న థయోల్స్‌కి పాత పేరు మెర్కాప్టన్లు. 1830లలో జైజె అనే డేనిష్ రసాయన శాస్త్రవేత్త పెట్టిన పేరది. లాటిన్‌లో దానర్థం ‘పాదరసాన్ని పట్టేది’. జవాబు పేరులోనే ఉందన్నమాట. అందుకే పాదరసం కోసం పొట్టుకి థయోల్ గుంపులు తగిలిస్తారు.

క్రోమియం ఇంకో రకం తలనొప్పి. ఆరో ఆక్సీకరణ స్థితిలో ఉన్న, అంటే ఆరు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న క్రోమియం క్యాన్సర్ తెప్పిస్తుంది. అది నీళ్లలో క్రోమేట్‌గా, రుణావేశంతో తిరుగుతుంది. తొక్క చేతులూ రుణావేశమే, అందుకని ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. నీళ్లని బాగా పుల్లగా, పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపెక్కువ) 2 దగ్గరికి తెస్తే క్రోమేట్ వచ్చి అంటుకుంటుంది. ఇక్కడొక మాయ జరుగుతుంది. తొక్కలోని పదార్థాలు దానికి ఎలక్ట్రాన్లిచ్చి మూడో స్థితికి దించేస్తాయి. ఆ మూడో స్థితి క్రోమియంలో కొంత మళ్లీ నీళ్లలోకే వచ్చేస్తుంది. ఆరో స్థితికి మాత్రమే ఊదా రంగునిచ్చే పరీక్ష చేసి, రంగు రాలేదు కాబట్టి నూటికి నూరు శాతం తొలగించామని రాసుకునేవాళ్లున్నారు. విషం తగ్గిన మాట నిజం. క్రోమియం మాత్రం నీళ్లలోనే ఈదుతూ ఉంటుంది. మొత్తం క్రోమియం కొలవని లెక్కని నేను నమ్మను.

ఆర్సెనిక్‌కి, అంటే పాషాణానికి, తొక్క ఒక గోడ మాత్రమే. ఆ గోడకి ఇనుప హైడ్రాక్సైడు పూత పూయాలి. పట్టుకునేది ఆ తుప్పే. భూగర్భజలాల్లోని ఆర్సెనిక్‌లో ఎక్కువ భాగం ఏ ఆవేశమూ లేని రూపంలో ఉండొచ్చు. అది తుప్పుకి కూడా సరిగ్గా చిక్కదు, ముందు ఆక్సీకరణం చేసుకోవాలి. గుడ్డు పెంకు కథ వేరు. అది చాలావరకు కాల్షియం కార్బోనేటే. ఫాస్ఫారిక్ ఆమ్లంతో దాన్ని ఎముకలో ఉండే హైడ్రాక్సీఎపటైట్‌గా మార్చొచ్చు. అది సీసంతో కలిసి పైరోమార్ఫైట్ అనే ఖనిజంగా గడ్డకడుతుంది. ఒకసారి అలా మారిన సీసం అంత తేలిగ్గా మళ్లీ కరగదు. రొయ్య పెంకుల్లోంచి వచ్చే కైటోసాన్ గురించి చెప్పాలంటే ఇంకో సభ పెట్టాలి. తమ్ముడూ, ఊపుతున్నావా? (నవ్వులు)

నా అనుభవం ఒకటి చెప్తాను, అదేమంత గొప్పది కాదు. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో కాస్టిక్ సోడాతో శుద్ధి చేసిన పొట్టు తయారుచేశాను. మొదటి ప్రయత్నంలోనే 99 శాతం సీసం మాయం. ల్యాబ్‌లో అందరం ఎగిరి గంతేశాం. వారం రోజులు ఆ గ్రాఫ్‌ని చూసుకుని మురిసిపోయాను. తర్వాత ఒక సీనియర్ అక్క వచ్చి, ‘చివర్లో పీహెచ్ ఎంతుంది?’ అని అడిగింది. చూడలేదు. చూస్తే 9 దాటింది. పొట్టుని సరిగ్గా కడగలేదు, మిగిలిపోయిన సోడా నీళ్లలోకి దిగి, సీసాన్ని కరగని హైడ్రాక్సైడుగా మార్చేసింది. వడపోత కాగితం దాన్ని పట్టేసింది. ఆ కాగితం మీద తెల్లటి మసక పొర నేను రోజూ చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు. పొట్టు లేకుండా ఉత్త సోడా చుక్కలు వేసి చూస్తే అంతే ఫలితం వచ్చింది. పొట్టు ఏ పాపమూ ఎరగదు. అప్పటి నుంచి ఏ పేపర్ చదివినా ముందు పీహెచ్ వెతుక్కుంటాను. సీసానికి 5, 6 మధ్య చేసిన ప్రయోగమైతే కూర్చుని చదువుతాను. మరీ పుల్లగా ఉంటే హైడ్రోజన్ అయాన్లే చేతులన్నీ ఆక్రమిస్తాయి, మరీ పైకి పోతే నాకు జరిగిందే జరుగుతుంది.

దీనికంటే పెద్ద మోసం ఇంకొకటుంది, ఎవరూ కావాలని చేసేది కాదు. ‘మా పొడి గ్రాముకు 100 మిల్లీగ్రాముల సీసం పట్టింది’ అని రాస్తారు. నిజమే అనుకుందాం. ఆ సంఖ్య లాంగ్‌మ్యూర్ సమీకరణం లోంచి వస్తుంది. లాంగ్‌మ్యూర్ విద్యుత్ బల్బుల కంపెనీలో పనిచేసిన శాస్త్రవేత్త, 1932లో నోబెల్ వచ్చింది. 1918లో ఆయన ఇది రాసింది గాజు, అభ్రకం, ప్లాటినం ఉపరితలాల మీద వాయువుల కోసం. మనం తెచ్చి నారింజ తొక్కకి తగిలించాం, ఫర్వాలేదు, పనిచేస్తుంది. దాన్ని ఈ హాలు కుర్చీలతో పోల్చుకోండి. నిండేది కుర్చీలెన్నున్నాయన్న దాని మీదే కాదు, గుమ్మం బయట ఎంతమంది తోసుకుంటున్నారన్న దాని మీద కూడా.

ఒక పొడి గరిష్ఠంగా గ్రాముకు 100 మిల్లీగ్రాములు పట్టగలదు, నీళ్లలో లీటరుకు 10 మిల్లీగ్రాములు మిగిలినప్పుడు సగం నిండుతుంది అనుకోండి. ల్యాబ్‌లో మనం లీటరుకు వంద, రెండొందల మిల్లీగ్రాములు పోస్తాం, కుర్చీలు దాదాపు అన్నీ నిండుతాయి. ఇప్పుడు తాగునీటికి వెళ్దాం. చివరికి మిగలాల్సింది లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అదే సమీకరణంలో వేస్తే పొడి పట్టేది గ్రాముకు 0.1 మిల్లీగ్రాము. వంద కాదు, సున్నా పాయింట్ ఒకటి. వెయ్యో వంతు! లీటరుకు 50 మైక్రోగ్రాముల సీసమున్న నీళ్లని 10కి దించాలంటే, వంద అనే సంఖ్యని నమ్మినవాడు కిలో పొడికి 25 లక్షల లీటర్లు శుభ్రమవుతాయని లెక్కేస్తాడు. సమీకరణం ఇచ్చేది 2,500 లీటర్లు. గొట్టంలో పొడి నింపి నీళ్లని దానిలోంచి పంపిస్తే ఇంకొంచెం లాభం ఉంటుంది, అయినా లక్షల దాకా పోదు.

పైగా ఆ నీళ్లలో సీసం ఒంటరిగా ఉండదు. కఠినత్వం ఉన్న మామూలు నీళ్లలో లీటరుకు 80 మిల్లీగ్రాముల కాల్షియం ఉందనుకుంటే, 50 మైక్రోగ్రాముల సీసంతో పోలిస్తే ఒక్కో సీసం అయానుకి ఎనిమిది వేలకు పైగా కాల్షియం అయాన్లు లెక్కకొస్తాయి. పాలనీ నీళ్లనీ వేరుచేసే హంస ఉందంటారే, మన పొడి ఆ హంస కావాలి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క సీసాన్నే కలిపి చేసిన ప్రయోగం ఆ పరీక్ష పెట్టదు. ‘తక్కువ ఖర్చుతో కొత్త అడ్‌సార్బెంట్’ అన్న పేరుతో వ్యాసాలు కుప్పలుగా వస్తున్నాయి, నేనూ రాశాను. వాటిలో ఎన్ని పొడులు నిజమైన మురికినీళ్ల ముఖం చూశాయని అడిగితే తల దించుకోవాల్సిందే. తక్కువ ఖర్చన్న మాట కూడా సగమే నిజం. తొక్క ఊరికే వస్తుంది సరే. సోడా ఊరికే రాదు, కడగడానికి బోలెడు నీళ్లు కావాలి, కడిగిన ఆ నీళ్లూ మళ్లీ మురికే.

అందుకే నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. ఈ పొడుల చోటు ఇంటి కుళాయి దగ్గర కాదు. ఎలక్ట్రోప్లేటింగ్ షాపులో కడిగిన నీళ్లు బయటికొచ్చే గొట్టం దగ్గర, బ్యాటరీలు విప్పే చోట, గని నుంచి నీళ్లు కారే చోట. అక్కడ ఏ లోహముందో తెలుసు, చిక్కగా ఉంటుంది, మిగతా మురికితో ఇంకా కలవలేదు. ముందు సున్నంతో ఎక్కువ భాగం దించేసి, మిగిలిన దానికి ఈ పొడి వాడితే ఖర్చు కలిసొస్తుంది. ఒకసారి వదిలేసి, నదిలో కలిసి లక్ష రెట్లు పలచబడ్డాక వెంటపడితే ఎంత తొక్కా చాలదు.

అరటి తొక్క నీళ్లలో వేసుకుని తాగితే సీసం పోతుందని వీడియోలు తిరుగుతున్నాయి. దయచేసి చేయకండి. లోహం కొంత అంటుకున్నా ఎంత మిగిలిందో మీకు తెలియదు. తొక్కలోని చక్కెర నీళ్లలోకి దిగుతుంది, బ్యాక్టీరియాకి విందు భోజనం పెట్టినట్టవుతుంది.

ఇప్పుడు ఆ సీసాలు ఇలా ఇవ్వు తమ్ముడూ. థాంక్స్. పొడి కిందికి దిగేదాకా ఒక్క నిమిషం ఆగుదాం... చూడండి. మొదటిది, ఉత్త తొక్క. నీళ్లు పసుపుపచ్చగా అయ్యాయి, తొక్కలోంచి రంగు, చక్కెర దిగిపోయాయి. వెనక నీలం ఛాయ ఇంకా ఉంది, అందుకే ఆకుపచ్చగా కనిపిస్తోంది. రెండోది దాదాపు తేటగా ఉంది. అడుగున పొడి చూడండి, మొదట లేత గోధుమ రంగులో ఉండేది, ఇప్పుడు నీలంగా మారింది. రాగి దాని మీదికి ఎక్కింది.

(చప్పట్లు)

చప్పట్లు కాసేపు ఆపండి, అసలు పని ఇంకా ఉంది. ఈ నీలం పొడిని ఏం చేద్దాం? చెత్తబుట్టలో వేస్తే కుళ్లి, వాన నీటికి రాగి మళ్లీ నేలలోకి దిగుతుంది. కాల్చొచ్చు. రాగి బూడిదలో మిగులుతుంది, కానీ ఇదే పొడి మీద పాదరసం ఉండి ఉంటే పొగలో పోయేది, కాడ్మియం, ఆర్సెనిక్‌లతోనూ ఆ భయం ఉంది. సిమెంటులో కలిపి బిగించొచ్చు, కానీ దాంట్లోంచి కారదని పరీక్ష చేసి చూపించాలి. ఇంకో దారి ఇది. వడగట్టిన ఈ పొడిని చిన్న బీకరులో వేసి, 20 మిల్లీలీటర్ల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తున్నాను. గరిటెతో తిప్పుతాను. ఆమ్లంలోని హైడ్రోజన్ వచ్చి రాగిని లేపేస్తోంది. చూస్తున్నారా, నీలం ఎలా తిరిగొస్తోందో. ఆ పెద్ద సీసాలో లేత నీలంగా ఉన్నదే ఇప్పుడు పదో వంతు నీళ్లలో ముదురుగా దిగింది. ఈ పొడిని కడిగి మళ్లీ వాడొచ్చు, ప్రతిసారీ కొంచెం బలం తగ్గుతుంది. ఈ నీళ్లలోంచి కరెంటుతో రాగి తీసి అమ్ముకోవచ్చు, ఇంత చిక్కగా ఉంది కాబట్టే అది కుదురుతుంది.

ఈ బీకరుని ఎవరూ ముట్టుకోకండి, సింకులో అసలు పోయకండి. మూత పెట్టి నాతోపాటు ల్యాబ్‌కి పట్టుకెళ్తాను. ప్రశ్నలుంటే అడగండి.